మూడో ముడి కొర్లమ్మది

సముద్రం మా పేటకి ఇంకా రెండు కేకల దూరంలో ఉన్న రోజుల్లో, తాతలకు తాతలు ఒడ్డున నిలబడి పెద్దవల లాగే రోజుల్లో, ఇసకదిబ్బ చివర ఒక గుడిసె ఉండేది. ఆ గుడిసెలో కొర్లమ్మ ఉండేది. ఆమెతో ఎవరూ ఉండేవారు కాదు.

పెళ్ళయిన ఏడాదే ఆమె మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది. తప్పు సముద్రానిది. ఊరు మాత్రం దాన్ని కొర్లమ్మ నెత్తిన వేసింది. పడవ నీళ్ళలోకి దిగే వేళ ఎదురు రాకూడదంది.

వేలు బెణికితే మాత్రం ఆమే కావాలి!

తడిసిన వలతాడు బిగిస్తే వేలిని పక్కకు మెలిపెట్టేస్తుంది. ఆ వేలిని పట్టుకుని టక్కున లాగడం మావాళ్ళ వైద్యం. లాగి లాగి పాడుచేశాక కొర్లమ్మ దగ్గరికి పరిగెత్తేవారు.

ఒకనాడు సింహాద్రి వచ్చాడు. తాడు మొనన నిలబడే మొనగాడు. ఉంగరపు వేలు కణుపు దగ్గర వంకాయలా వాచింది.

"లాగెయ్ అత్తా! రేపు తాడు పట్టకపోతే నా చోట ఇంకొకడు నిలబడతాడు."

"లాగడానికి అదేటి, ముల్లంగి దుంపా? కూర్చో."

ముందు బాగున్న చేతి వేలు చూసింది. తర్వాత వాచిన వేలు చూసింది. కణుపుకి ఇటు నొక్కింది. అటు నొక్కింది. అటు నొక్కగానే సింహాద్రి కెవ్వుమన్నాడు. అప్పుడు వేలిని మెల్లగా పక్కకు వంచింది. కొంచెం కదిలి ఆగింది.

"ఆగింది. కణుపుని పట్టి ఉంచే నార సాగింది గాని తెగలేదు. తెగితే వదులు తలుపులా ఊగిపోయేది."

పాత చీర పేలిక తీసింది. వేళ్ళ మధ్య మెత్త పెట్టి, వాచిన వేలిని పక్కవేలికి చేర్చి కట్టింది. కణుపు కింద ఒక ముడి. కణుపు పైన ఒక ముడి. మణికట్టు దగ్గర మూడో ముడి.

"ఒంటి వేలు మానదురా. పక్కది తోడుండాలి. మూడు వారాలు తాడు ముట్టకు."

"మరి నీ మధ్యవేలు వంకరగానే ఉందేటత్తా?"

"నాకు లాగేవాళ్ళు దొరికారు. కట్టేవాళ్ళు దొరకలేదు."

సింహాద్రి నవ్వి లేచిపోయాడు. అందరూ అంతే. వచ్చారు, కట్టించుకున్నారు, వెళ్ళిపోయారు. ఆమె గడపలో కూర్చుని గంజి తాగినవాడు ఒక్కడూ లేడు.

ముసలితనంలో ఒక తెల్లవారుజామున కొర్లమ్మ జారి చేతిమీద పడింది. బొటనవేలు పక్కకు పోయింది. వంచి చూసుకుంది. ఆగలేదు. నార తెగిందని ఆమెకు తెలుసు. తన కట్టు తాను కట్టుకోలేనని కూడా తెలుసు.

పేలికా, వెదురుబద్దా పట్టుకుని మూడు గడపలు ఎక్కింది.

మొదటి గడపలో, "పడవ దిగుతోంది, ఎదురు రాకమ్మా" అన్నారు.

రెండో గడపలో, "వల ఒడ్డుకొచ్చాక రా" అన్నారు.

మూడోది సింహాద్రి ఇల్లు. "సాయంత్రం చూద్దాంలే అత్తా" అని తలుపు వేశాడు. ఏ చేత్తో వేశాడు? ఆమె బాగుచేసిన చేత్తోనే!

సాయంత్రం ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోనాడు ఎవరి వేలో బెణికితే అప్పుడు ఊరికి ఆమె గుర్తొచ్చింది. వెళ్ళేసరికి కొర్లమ్మ చల్లబడి ఉంది. జ్వరమో, వయసో, ఒంటరితనమో, నేను చెప్పలేను. బొటనవేలికి బద్ద ఉంది. పళ్ళతో బిగించుకున్న ముళ్ళు రెండున్నాయి. మూడోది పడలేదు, పేలిక కొస వేలాడుతోంది.

సింహాద్రి మోకాళ్ళ మీద కూలబడి ఆ ముడి వేశాడు. మూడుసార్లు జారితే మూడుసార్లూ మళ్ళీ వేశాడు. అప్పుడు వేసి ఏం లాభం?

అందుకే నేటికీ మా పేటలో బెణికిన వేలిని లాగరు. పక్కవేలికి కడతారు. రెండు ముళ్ళు ఇంట్లోవాళ్ళు వేస్తారు. మూడోది పొరుగు గడపలోనే వేయించుకోవాలి. పడవ దిగే వేళైనా సరే, ఎవరొచ్చినా సరే, తలుపు తియ్యాలి. ముడి వేస్తూ "ఇది కొర్లమ్మది" అనాలి. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని గంజి తాగాలి.

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు.