గోరింటాకు పెట్టుకున్న రాజకుమారుడు

అనగా అనగా మణిగిరి అని ఒక రాజ్యం. దానికి రత్నాంగదుడని ఒక రాజు. రాజన్నాక ముగ్గురు కొడుకులు ఉండాలి కాబట్టి ఆయనకూ ముగ్గురే. వీరకేతుడు, శూరకేతుడు, సుకేతుడు. పెద్దవాళ్లిద్దరికీ నడుముకు కత్తి ఉండేది. చిన్నవాడికి కత్తితో పాటు అరచేతిలో గోరింటాకు కూడా ఉండేది. నడుమ ఎర్రగా చందమామ, చుట్టూ చుక్కలు. అన్నలు చూసి తెగ నవ్వేవాళ్లు.

నవ్వితే నవ్వారు గానీ, ఆ గోరింటాకుకు కారణం ఉంది. తల్లి చనిపోయిన ఏడాది నుంచి సుకేతుడికి రోజూ ఒకటే పీడకల. ఒక రాక్షసుడు తరుముతున్నట్టు. పెంచిన దాది సూరమ్మ వాడి చేతిలో గోరింటాకు పెట్టి చెప్పింది.

"చిన్నదొరా, అన్నం తినేముందు ఈ చందమామను చూడు. తల తిప్పి మళ్లీ చూడు. ఇది కలా, నిజమా అని అడుగు. నిజమైతే చందమామ ఉన్నచోటే ఉంటుంది. కలలో ఏదీ కుదురుగా ఉండదు నాయనా. పగటి అలవాటు నిద్రలోకి దానంతటదే వస్తుంది."

వచ్చింది. ఒకసారి కలలో పరిగెడుతూ సుకేతుడు చెయ్యి చూసుకున్నాడు. మళ్లీ చూశాడు. చందమామలు రెండయ్యాయి. "ఓహో, ఇది కలే" అనుకుని ఆగి వెనక్కి తిరిగాడు. "ఎవరు నువ్వు? ఏం కావాలి?" అన్నాడు. అంతవరకూ ఎవరూ అలా అడగలేదు కాబోలు, రాక్షసుడు కుక్కపిల్లంత అయిపోయి కూర్చున్నాడు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతల దీవిలో ఉండే కాలదంష్ట్రుడనే మాంత్రికుడు వచ్చి రత్నాంగదుణ్ణి అర్ధరాజ్యం అడిగాడు. రాజు నవ్వాడు. నవ్వినందుకు మాంత్రికుడు ఆయన నిద్రలోకి ఒక నల్ల ఏనుగును తోలి చక్కా పోయాడు. కన్ను మూస్తే చాలు, ఏనుగు తొక్కడానికి వచ్చేది. రాజు నిద్రంటే భయపడి, మిరియాల కషాయం తాగుతూ కూర్చుని చిక్కి శల్యమయ్యాడు. సూరమ్మ గోరింటాకు ముద్ద పట్టుకొస్తే, "మహారాజుకు గోరింటాకా!" అని గద్దించాడు.

మాంత్రికుణ్ణి చంపి వస్తానని పెద్దవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. రాజు ఇక అమావాస్య దాటడని వైద్యులు తేల్చేశారు. సుకేతుడు గోరింటాకు పొడి మూటగట్టుకుని బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున ఒక గండభేరుండ పక్షి కళ్లు ఎర్రజేసుకుని కూర్చుని ఉంది.

"ఏమమ్మా పక్షీ, నిద్ర లేదా?"

"ఎక్కడి నిద్ర నాయనా! రెప్ప వాలిస్తే పాము వచ్చి పిల్లల్ని మింగినట్టు కల."

సుకేతుడు దాని గోటికి గోరింటాకు పెట్టి, సూరమ్మ చెప్పిందంతా చెప్పి, అది నేర్చుకునేదాకా అక్కడే ఉన్నాడు. నాలుగో రాత్రికే పక్షి కలలోనే పాముకు ఎదురు నిలిచింది. పాము తాడైపోయింది. పక్షికి కడుపు నిండా నిద్ర పట్టింది.

లేచి అది రహస్యం చెప్పింది. "కాలదంష్ట్రుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక మేలుకున్నవాళ్లకు దొరకదు, నిద్రపోయేవాళ్ల కలల్లోనే తిరుగుతుంది. ఆ దీవిలో కాలు పెడితే నిద్ర ముంచుకొస్తుంది. కలగనేవాడికి అది కలని తెలియదు, ఇంక చిలకను పట్టేదెవరు? మీ అన్నలూ అక్కడే పడి ఉన్నారు."

పక్షి వాణ్ణి వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. సుకేతుడు దీవిలో కాలు పెట్టాడు. ఎప్పుడు వాలిపోయాడో వాడికే తెలియదు.

కళ్లు తెరిస్తే తన ఇల్లే. తండ్రి నిండుగా నవ్వుతున్నాడు. అన్నలు పీటల మీద కూర్చున్నారు. తల్లి పెరుగన్నం కలుపుతోంది. ఎందుకు బయలుదేరాడో వాడికి గుర్తే లేదు.

"చెయ్యి పట్టరా" అంది తల్లి, ముద్ద చేసి.

సుకేతుడు చెయ్యి పట్టి, అలవాటు కొద్దీ చందమామను చూశాడు. తల తిప్పి మళ్లీ చూశాడు. చందమామ చిటికెన వేలి మీదికి పాకింది.

ఇది కల. అమ్మ లేదు.

"చూడకు, చూడకు! తిను, తిను!" అని దూలం మీంచి ఒక చిలక అరిచి, కిటికీలోంచి ఎగిరిపోయింది. "కల నాదైనప్పుడు ఆకాశమూ నాదే" అనుకుని సుకేతుడూ ఎగిరాడు. రెక్కలు లేకుండానే ఎగిరి, మబ్బుల్లో చిలకను ఎడమచేత్తో పట్టుకొచ్చాడు.

చిలక మాంత్రికుడి గొంతుతో అంది. "నన్ను చంపితే ఈ కల పోతుంది. మీ అమ్మా పోతుంది. హాయిగా ఉండిపో."

సుకేతుడు తల్లి వంక చూశాడు. ఉండిపోవాలనే ఉంది. కళ్లనీళ్లు తిరిగాయి. కానీ అక్కడ మణిగిరిలో తండ్రి నిద్ర లేక చచ్చిపోతున్నాడు.

"అన్నం తిని వెళ్లరా" అంది తల్లి.

కల అని తెలిసే తిన్నాడు. ఒక్కో ముద్దా నిదానంగా తిన్నాడు.

"ఇక చెయ్యి కడుక్కో. నాన్న ఎదురుచూస్తుంటాడు."

సుకేతుడు చెయ్యి కడుక్కుని, చిలక మెడ నులిమాడు.

దీవిలో కాలదంష్ట్రుడు కుప్పకూలాడు. నిద్రపోతున్నవాళ్లంతా ఆవులిస్తూ లేచారు. అన్నలు లేచారు. వాళ్ల పక్కన హేమలేఖ అనే రాజకుమారీ లేచి, సుకేతుడి చెయ్యి చూసింది.

"గోరింటాకు మీరు పెట్టుకున్నారేమిటి?"

"చెప్తాను. పెద్ద కథ" అన్నాడు సుకేతుడు. మణిగిరి చేరేదాకా పక్షి వీపు మీద చెబుతూనే ఉన్నాడు.

అక్కడ రాజు అప్పటికే గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. సుకేతుడికీ హేమలేఖకూ పెళ్లి జరిగిననాడు ఆయనే ముందుగా గోరింటాకు పెట్టమని సూరమ్మకు చెయ్యి చాపాడు. పీటల మీద సుకేతుడు అరచెయ్యి చూసుకున్నాడు, మళ్లీ చూసుకున్నాడు. చందమామ కదల్లేదు. నిబ్బరంగా తాళి కట్టాడు.

తర్వాత వాడే రాజై చాలాకాలం ఏలాడు. ఎప్పుడైనా నిద్రలో చందమామ పక్కకు జరిగితే, "ఓహో, కలే" అనుకుని, అమ్మ దగ్గరికి అన్నానికి వెళ్లేవాడు.