గిజిగాడి నివాస పత్రం

ఏటికి ఎగువన మద్దిచెట్ల అడవి ఒకటి ఉండేది. అక్కడ నీళ్లు తియ్యన, గాలి చల్లన, జంతువుల నోళ్లు మాత్రం కాస్త పెద్దవి. నీళ్ల మీదికి వాలిన ఒక కొమ్మకు ఒకే ఒక్క గిజిగాడి గూడు వేలాడేది. గిజిగాళ్లన్నాక ఒక్కో చెట్టుకు నలభై గూళ్లుంటాయి. ఒక్కటే వేలాడుతుంటే ఎవరో దిష్టికి కట్టి వెళ్లినట్టుంటుంది. ఆ గూడు పసిడయ్యది.

పసిడయ్య సొంత అడవి ఏటికి దిగువన, మూడు రోజుల దూరంలో ఉంది. అక్కడ ఎండలకు గడ్డి మాడిపోయింది. దానికి తోడు నలభై గూళ్ల గోల. అది భరించలేక ఇక్కడికి వచ్చేశాడు. పని మాత్రం అక్కడిదే. ఇక్కడి పచ్చగడ్డితో గూళ్లు అల్లి ఏట్లో వదిలితే మూడో రోజుకు దిగువకు చేరేవి. అక్కడివాళ్లు కొంగతో గింజలు పంపేవారు.

“ఇంకో రెండు గూళ్లు కావాలట. తొందరట,” అనేది కొంగ.

“అంతేనా? నా గురించి ఏమైనా అడిగారా?”

“అడిగారు. రెండోది ఎప్పటికవుతుందని.”

ఇలా బయటి అడవి పని చేసుకుంటూ ఇక్కడ బతికే పక్షులకు ఎలుగు పెద్దాయన నివాస పత్రం ఇచ్చేవాడు. ఒక మోదుగాకు, దాని మీద ఆయన పంజా ముద్ర. ఇక్కడి కాయా గింజా తినకూడదు, ఇక్కడివాళ్లకు ఏ పనీ చేసి పెట్టకూడదు అన్నవి షరతులు. పసిడయ్య షరతులంటే వణికే రకం. ఉడుత మంగాయమ్మ నేరేడుపండు ఇవ్వబోతే, “పత్రంలో లేదమ్మా,” అన్నాడు. ముంగిస వియ్యన్న తన కలుగుకు తడిక అల్లి పెట్టమంటే, “పత్రం ఒప్పుకోదండీ,” అన్నాడు. ఒకసారి కాదన్నవాణ్ని రెండోసారి అడగడం మర్యాద కాదు. ఆ అడవిలో అందరూ మర్యాదస్తులే కాబట్టి మరి అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఏడాది తిరిగింది. ఆకు ఎండి చిరిగింది. కొత్త ఆకు కావాలంటే, “ఇతను ఇక్కడే ఉంటున్నాడు, నేనెరుగుదును,” అని అడవివాళ్లలో ఒకరు చెప్పాలి. లేకపోతే మర్నాడు పొద్దుగూకేలోగా అడవి వదిలి పోవాలి.

ఎవరిని అడగాలా అని పసిడయ్య ఆలోచనలో పడ్డాడు. పొద్దున మొదలైన ఆలోచన మధ్యాహ్నమైనా ఒక్క పేరు దగ్గరా ఆగలేదు.

“ఏమయ్యా పసిడయ్యా, గూడొక్కటే వేలాడుతుందనుకున్నా, మొహం కూడానా?” అంటూ నక్క వీరాస్వామి వచ్చాడు. ఎలుగు గుహ వాకిట్లో కూర్చుని అందరి పత్రాల పనులూ చూసిపెట్టే పెద్దమనిషి.

“సాక్షి దొరకలేదు వీరాస్వామిగారూ.”

“నేనుండగా దొరక్కపోవడమేంటి! కాకి సుబ్బాయమ్మ చేత చెప్పిస్తా.”

“ఆవిడకు నేనెవరో తెలియదు కదండీ?”

“తెలియనివాళ్లే బాగా చెప్తారయ్యా. తెలిసినవాళ్లకు మొహమాటం ఎక్కువ.”

సుబ్బాయమ్మకు పసిడయ్య గూడున్న కొమ్మ మీద చాలాకాలంగా కన్నుంది. పసిడయ్యకు పత్రం రాకుండా చేస్తే కొమ్మ ఆమెకు, ఆమె ఎత్తుకొచ్చే మాంసం ముక్కల్లో సగం తనకు అని వీరాస్వామి ఆమెతో గుహ దగ్గర అప్పటికే మాట్లాడేసుకున్నాడు. ఈ సంగతి అడవంతటికీ తెలుసు. పసిడయ్యకు చెప్పినవాళ్లే లేరు. వాళ్లేమీ చెడ్డవాళ్లు కారు. అతనితో మాటల్లేవు, అంతే.

మర్నాడు గుహ ముందు అందరూ చేరారు.

“సుబ్బాయమ్మా, ఇతన్ని ఎరుగుదువా?” అన్నాడు ఎలుగు.

“ఎరగకపోవడమేంటి పెద్దాయనా! నా సొంత తమ్ముడనుకోండి. పొద్దున్నే మా చెట్టు మేడిపళ్లు ఇద్దరం కలిసే తింటాం. మా పిల్లలకు మెత్తటి పక్క అల్లిపెట్టింది ఇతనే. ఎంత పనిలో ఉన్నా అక్కా అని పిలవగానే వచ్చేస్తాడు.”

ఆ మాటలు మొదట పసిడయ్యకు తియ్యగా వినిపించాయి. తనతో కలిసి ఎవరైనా పళ్లు తింటే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాడు. తర్వాత ఎలుగు ముఖం చూశాడు.

“పళ్లు తిన్నావా? ఇక్కడివాళ్లకు పని చేశావా?”

“లేదు పెద్దాయనా! అంతా అబద్ధం! నేను ఎవరితోనూ ఏమీ తినలేదు. ఎవరికీ ఏమీ చేయలేదు.”

“అయితే నిన్ను ఎరిగినవాళ్లెవరు?”

మంగాయమ్మ తోక సర్దుకుంది. తాబేలు తాత తల లోపలికి లాక్కున్నాడు. ఆయనకది సులువు.

“ఆమె చెప్పింది నిజమైతే నువ్వు షరతు తప్పావు. అబద్ధమైతే నువ్విక్కడ ఉన్నట్టే లెక్కకు రాదు. ఎటు చూసినా ఈ అడవి వదలాల్సిందే,” అన్నాడు ఎలుగు.

పసిడయ్య ముందుకు గెంతాడు. “ఒక్క మాట పెద్దాయనా. నన్నెవరూ ఎరగరు, నిజమే. నేను మాత్రం వీళ్లందరినీ ఎరుగుదును. నీళ్లకు నా చెట్టు కిందికే వస్తారు. అల్లుకుంటూ వింటుంటాను.”

“ఏం విన్నావు?”

“మంగాయమ్మగారి మూడో బిడ్డకు దగ్గు. వాణ్ని నిద్రపుచ్చడానికి పాట పాడతారు. రెండో చరణం రాదు, ఊఁ ఊఁ అని నెట్టేస్తారు.”

“ఓరి నీ అసాధ్యం కూలా!” అంది మంగాయమ్మ.

“వియ్యన్నగారు నాగుపామును తరిమానని అందరికీ చెప్పారు. తరిమింది పాము. ఆ మాట నీళ్లలో తన నీడకు చెప్పుకున్నారు.”

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. వియ్యన్న గడ్డి వంక చూస్తూ నిలబడ్డాడు.

“తాబేలు తాతగారు రోజూ నీళ్లలో దిగే ముందు, పోయిన తాబేలమ్మతో మాట్లాడతారు. ‘ఇవాళ నీళ్లు చల్లగా ఉన్నాయే, నువ్వు గట్టునే ఉండు,’ అంటారు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. తాబేలు తాత మెల్లగా తల బయటపెట్టాడు.

“నిజమే పెద్దాయనా. అంటాను. పైన ఒకడు వింటున్నాడని నాకు తెలియదు.”

మంగాయమ్మా వియ్యన్నా కూడా తలలూపారు, ఇష్టం లేకపోయినా.

“ఇక్కడ కాపురం లేనివాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?” అని ఎలుగు పచ్చటి మోదుగాకు మీద పంజా ముద్ర వేశాడు. దొంగసాక్ష్యం చెప్పినందుకు సుబ్బాయమ్మ ఆ ఏటిగట్టు దరిదాపుల్లో వాలకూడదన్నాడు. చెప్పించింది వీరాస్వామేనని ఆమె అరవడంతో అతనికీ గుహ వాకిట్లో చోటు పోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ అడవి చివరిదాకా వెళ్లారని చూసినవాళ్లు చెప్పారు.

పసిడయ్య ఆకు ముక్కున కరుచుకుని ఎగురుకుంటూ వచ్చాడు. ఇక అందరూ తనను ఎరుగుదురు కదా అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే గూటి మూతి దగ్గర కూర్చుని, ఎవరొస్తే వాళ్లను తనే ముందు పలకరించాలని ఎదురుచూశాడు.

ఎవరూ రాలేదు. ఎవరికీ కోపం లేదు, అతనికి పత్రం రావడం అందరికీ సంతోషమే. కాకపోతే ఇప్పుడు నీళ్లకు పై మలుపు దగ్గరికి వెళ్తున్నారు. కాస్త దూరమే అయినా అక్కడ చెట్లు లేవు.

నీతి: ఉండనిచ్చే ముద్ర పెద్దలు వేస్తారు గానీ, ఉన్నావా అని పలకరించాల్సింది పొరుగువాళ్లే.