రాజుగారి బావి

రాళ్లపల్లె పెత్తందారు అచ్యుతప్ప నోరు తెరిస్తే రాజుగారి పేరే. "రాజుగారి పని, ఇంటికొకరు రావాలి!" అని చాటింపు వేయించి, రెండు నెలలు ఊరందరి చేతా వెట్టి చేయించి, తన తోటలో బావి తవ్వించుకున్నాడు. ఊరి ఆడవాళ్లు మాత్రం నీళ్లకు ఇప్పటికీ కోసెడు దూరం వాగుకే నడుస్తున్నారు. ఆ చాటింపు వేసిన ఓబన్నకు అన్నం సహించడం లేదు.

ఇంతలో రాజుగారే వేటకొచ్చి ఆ ఊళ్లో విడిది చేశారు. తెల్లారగానే ఓబన్న వెళ్లి విడిది ముందే డప్పు వాయించాడు.

"వినండహో! రాజుగారి బావిలో నీళ్లు పడ్డాయి! కడవలు తీసుకుని అచ్యుతప్పగారి తోటకు రండహో!"

అచ్యుతప్ప రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "మతిపోయిందట్రా? అది నా బావి!"

ఆ కేకలకు రాజుగారు బయటికొచ్చారు.

ఓబన్న డప్పు దించి అచ్యుతప్పకు దణ్ణం పెట్టాడు. "తప్పు చాటితే మళ్లీ చాటి దిద్దుకోవడం మా ఆనవాయితీ దొరా. బావి తమదేనని ఇప్పుడే చాటేస్తా. మరి రెండు నెలలు ఊరంతా చేసిన రాజుగారి పని ఎక్కడుందో సెలవివ్వండి, అదీ చాటేస్తా."

రాజుగారు అచ్యుతప్పను ఎగాదిగా చూసి, ఓబన్న వైపు తిరిగారు.

"నీ చాటింపులో తప్పేం లేదు. ఇంకాస్త గట్టిగా వాయించు."

ఓబన్న డప్పు ఎత్తేలోపే వీధిలో కడవలు కదిలాయి.