గడ్డిక్రిమి తొందరపడి గింజెందుకు కట్టుకోదు?

ఒకప్పుడు, గడ్డిక్రిములకు తొందర ఎక్కువగా ఉన్న రోజుల్లో, ఒక పశువులశాల పక్కన వరిగడ్డి వాము ఉండేది. ఆ వాము అడుగున, తడి గడ్డిపోచల మీద, గడ్డిక్రిముల ఊరు. అది మీ కంటికి ఆనదు. ఆ ఊరి పక్కన ఆవగింజని పెడితే ఆవగింజే పెద్ద కొండలా కనిపిస్తుంది. ఒక్కో క్రిమీ ఒక్కో పొడవాటి ఇల్లు. ఇల్లంటే నిజంగా ఇల్లే. లోపల మనుషులున్నారు, గోడలున్నాయి, పొయ్యి ఉంది, అత్తాకోడళ్ల పోట్లాటలూ ఉన్నాయి.

అలాంటి ఒక ఇంట్లో నూకాలు పెద్దకోడలు. గుమ్మం దగ్గర కూర్చుని, గోడలోంచి ఊరే నీటిని నాలికతో రుచి చూడటం ఆమె పని. నీళ్లు తియ్యగా తగిలితే బయట తిండి ఉన్నట్టు. చప్పగా తగిలితే లేనట్టు. లోపల పొయ్యి దగ్గర ఆమె అత్త గవరమ్మ. ఇంట్లో గవరమ్మ మాటే మాట.

ఆ రోజుల్లో పద్ధతి చాలా సులువు. గుమ్మం దగ్గరి మనిషి "కరువొచ్చింది!" అని ఒక్క కేక వేస్తే చాలు, ఇల్లంతా పనిలోకి దూకేది. ఒక మూలన అడ్డగోడ కట్టేవాళ్లు. ఆ చిన్న గదిలోకి ఇంట్లో చిన్నవాళ్లని పంపి, బయటనుంచి పొర మీద పొర మెత్తేవాళ్లు. గది గట్టి గింజయిపోయేది. ఇక ఎండ కాసినా, నీళ్లు మరిగినా లోపలివాళ్లకు భయం లేదు. వానలు పడేదాకా హాయిగా నిద్రపోవడమే.

కానీ ఆ గింజ ఊరికే వస్తుందా? పెద్ద ఇల్లు తన గోడలూ, దాచుకున్న తిండీ, సమస్తం దానికే ధారపోయాలి. గింజ సిద్ధమయ్యేసరికి పెద్ద ఇల్లు కూలిపోతుంది. పని బాగా ముదిరాక "అయ్యో, వద్దులే" అంటే కుదరదు.

ఒక మధ్యాహ్నం పక్కింటి అసిరమ్మకి నీళ్లు చప్పగా తగిలాయి. కేక వేసేసింది. వాళ్లింట్లో అడ్డగోడ లేచింది, మిగతా గోడలు ఊడటం మొదలైంది. సాయంత్రానికి శాలలో గేదె కుడితి గోలేన్ని తన్నేసింది. కుడితి అంతా వాములోకి పారింది. ఊరు ఊరంతా లొట్టలేసుకుంటూ తాగింది. అసిరమ్మ నాలికకి కూడా తీపి తగిలింది పాపం. తగులుతూ ఉండగానే ఆమె నెత్తిన కప్పు కూలింది.

నూకాలు అదంతా తన గుమ్మంలోంచి చూసింది. ఆ సాయంత్రం ఆమెకి కుడితి సహించలేదు. 'ఒక్కపూట ఆకలికి ఇల్లే పోగొట్టుకుందే' అనుకుంటూ కూర్చుంది. ఆమెకి మొదటిసారి తన నోరంటేనే భయం వేసింది.

కొన్నాళ్లకి నూకాలుకీ నీళ్లు చప్పగా తగిలాయి. ఆమె పెదవి కదపలేదు.

"ఏటే నూకాలూ, నోరిప్పవేటి? తియ్యగున్నాదా, సప్పగున్నాదా?" అని లోపలినుంచి గవరమ్మ అడిగింది.

"సప్పగానే ఉన్నాదత్తా. గానీ ఇది కరువో, ఒక్కపూట పస్తో తెలీకుండా ఎలాగ కేకెయ్యమంతావు?"

"కేకెయ్యకపోతే అందరం సస్తాం గదే!"

"కేకేసినా నువ్వూ నానూ సస్తాం గదత్తా. సావుకి కాదు నా బయం. ఊరికినే సావకూడదని."

గవరమ్మకి ఆ మాట నిజమేననిపించింది. అత్తగారు కాబట్టి మూతి మాత్రం తిప్పింది.

నూకాలు గోడ సందులోంచి తల బయట పెట్టి సూర్యుణ్ని పిలిచింది. "సూరీడు మావా, ఇంకా ఎన్నాళ్లు ఇలాగ కాస్తావు?"

"కాయడం నా పని. ఆపడం మబ్బు పని. దాన్నడుగు" అన్నాడు సూర్యుడు.

మబ్బుని అడిగితే, "నన్ను తోలేది గాలి. గాలినడుగు" అంది.

గాలినడిగితే అది పకపకా నవ్వింది. "నేనెటు తిరుగుతానో నాకు తెలిస్తే ఇంకేం!" అంటూ నాలుగు గడ్డిపోచలు లేపుకుని వెళ్లిపోయింది.

నూకాలుకి ఒళ్లు మండింది. ఇంత పెద్దవాళ్లకే తెలియని సంగతి, గుమ్మంలో కూర్చున్న తన నాలిక్కి ఏం తెలుస్తుంది? మరి ఒక్క నాలిక మీద ఇల్లంతా ఎందుకు ఆధారపడాలి?

అప్పుడే ఎదురింటామె పిడక ముక్క పట్టుకుని నిప్పు కోసం వచ్చింది. అగ్గిపెట్టెలు లేని కాలం కదా, పొయ్యి ఆరితే పక్కింటినుంచి నిప్పు తెచ్చుకోవాల్సిందే. గవరమ్మ పిడక మీద ఒక రవ్వ వేసి ఇచ్చింది. ఆమె నాలుగడుగులు వేసిందో లేదో గాలికి రవ్వ ఆరిపోయింది. ఆమె ఏమీ అనుకోకుండా వెనక్కి వచ్చి ఇంకో రవ్వ పట్టుకెళ్లింది.

నూకాలు లేచి నిలబడింది. కేక వేశాక దాన్ని వెనక్కి తీసుకోలేం. నిప్పురవ్వనైతే ఆర్పొచ్చు!

"అత్తా, ఇకనుంచి నాను కేకెయ్యను. సప్పగా తగిలినప్పుడల్లా గుమ్మం కాడ పెట్టుకున్న కుంపట్లోంచి ఒక రవ్వ తీసి సన్నెమ్మకిత్తాను. సన్నెమ్మ తెచ్చి నీ పక్కన ఆరిన పొయ్యిలో ఏత్తాది. ఒక్క రవ్వకి నువ్వు లెగకు. పొయ్యంతా రగిలినాకే గోడ మొదలెట్టు."

సన్నెమ్మ నూకాలు తోడికోడలు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. సరేనని తలూపింది.

"మద్దెలో తిండొచ్చిందనుకో?" అంది గవరమ్మ.

"నానున్నాను గదే అమ్మా!" అన్నాడు మరిది లింగం. ఇంటికి నీళ్లు మోసేది అతనే. "సన్నెమ్మ సేతిలోనే తడిగుడ్డతో ఆర్పేత్తాను."

"నీకు ఆర్పడం సరదాగుంటాది. నిజం కరువొచ్చినా ఆర్పుకుంటా కూకుంతావు" అని గవరమ్మ కసిరింది.

నూకాలు గోడకి చెవి ఆనించింది. "నిజం కరువైతే మనమొక్కలమే పస్తుండం అత్తా. పక్కిళ్లోళ్లూ ఆకలని అరుస్తారు. ఆ అరుపులు గోడలోంచి ఇనబడితే లింగం గుడ్డ కింద పడెయ్యాలి. అంతే."

గవరమ్మ ఒప్పుకుంది. మంచిదని మాత్రం పైకి అనలేదు.

ఆ పూటే నూకాలు ఒక రవ్వ పంపింది. లింగం టప్పున ఆర్పేశాడు. ఇంకోటి పంపింది. అదీ ఆర్పేశాడు. ఇంతలో ఎవరో మామిడి తొక్కలు తెచ్చి వాము పక్కన పోశారు. నీళ్లు మళ్లీ తియ్యగా తగిలాయి. ఇల్లు నిలిచింది! లింగం తడిగుడ్డ భుజాన వేసుకుని ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ ఆ పద్ధతే పెట్టుకున్నారు.

తర్వాత వేసవి వచ్చింది. మామూలు వేసవి కాదు. శాల ఖాళీ అయింది, పశువుల్ని ఎక్కడికో తోలుకుపోయారు. కుడితి లేదు, తొక్కలు లేవు. వాము అడుగున తడి ఇంకిపోయింది. నూకాలు రవ్వ తర్వాత రవ్వ పంపుతూనే ఉంది. లింగం ఆర్పుతూనే ఉన్నాడు, కానీ ఇప్పుడతని మొహంలో నవ్వు లేదు.

అప్పుడు గోడలోంచి సన్నగా ఒక గొంతు వచ్చింది. "మాకూ నేదు..." ఇంకో పక్కనుంచి ఇంకోటి. "మాకూ నేదమ్మా..." చూస్తుండగానే గోడలన్నీ అవే మాటలతో నిండిపోయాయి. లింగం చేతిలోంచి గుడ్డ జారిపోయింది.

"వొదినా, ఇంక నా సెయ్యి లెగట్లేదు" అన్నాడు.

రవ్వలు సన్నెమ్మ చేతిమీదుగా పొయ్యిలో పడ్డాయి. గవరమ్మ వంగి చూసింది. "రగిలినాదే నూకాలూ" అంది మెల్లగా. కోడలితో ఆమె అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు.

అడ్డగోడ లేచింది. చిన్నగదిలోకి సన్నెమ్మని పంపారు. గవరమ్మా లింగం గోడలు విప్పి మట్టి అందిస్తుంటే నూకాలు పొర మీద పొర మెత్తింది.

"అప్పా, నువ్వూ లోనకొచ్చీ" అని సన్నెమ్మ ఏడ్చింది.

"నానొచ్చేత్తే బయటనుంచి మెత్తేదెవలే?"

"మరి వానొచ్చిందని నాకెలాగ తెలుస్తాది?"

"తీపి తగిలితే లెగు. తగల్నంతసేపూ తొంగో తల్లీ."

సన్నెమ్మ కళ్లు మూతలుపడ్డాయి. చివరి పొర మెత్తాక నూకాలు గుమ్మానికి వచ్చి కూర్చుంది. గోడలో మిగిలిన ఒక్క తడిచుక్కని నాలికతో అద్దింది. చప్పగా ఉంది. ఆమెకి ఏడుపు వచ్చింది, దాంతోపాటే గుండె తేలికపడింది. తను తొందరపడలేదు. కప్పు కూలుతున్నప్పుడు ఆమె మళ్లీ లోపలికొచ్చి గింజకి వీపు ఆనించి కూర్చుని ఉంది.

చాలా కాలానికి వానలు పడ్డాయి. గింజ చిట్లింది. సన్నెమ్మ లేచి, ఇల్లు పెంచి, గుమ్మంలో కూర్చుని కొత్తనీటి తీపి చూసింది. చుట్టూ వెతికింది. పాత ఇంటి గోడ ముక్క ఒక్కటి కూడా కనిపించలేదు.

అప్పటినుంచే గడ్డిక్రిమి ఒక్కపూట ఆకలికి గింజ కట్టుకోదు. ఆకలి కబురు దాని లోపల చేతులు మారాలి, దారిలో ఆర్పే చెయ్యి ఆగాలి, పక్కవాళ్ల ఆకలీ వినబడాలి. అప్పుడు గాని పొయ్యి రగలదు. రగిలి కట్టిన గింజని ఎంత ఎండైనా ఏమీ చేయలేదు. దాన్ని కట్టిన ఇల్లు మాత్రం, ఇప్పటికీ, వాన చూడదు.