పదో పేజీ పిల్ల

"మాస్టారూ, పదో పేజీ తీసెయ్యమంటారా?" అని హైమవతి అడిగేసరికి కూర్మయ్యగారు కుంచె కడుక్కుంటున్నారు. ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్న వాళ్ళందరికీ తెలిసిన సంగతే, ప్రశ్న ఎంత పెద్దదైతే ఆయన కుంచె అంతసేపు కడుగుతారు. ఆ రోజు గ్లాసులో నీళ్ళు మూడుసార్లు మార్చారు.

హైమవతి పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. నిరుడు వచ్చిన ఆమె పుస్తకంలో పన్నెండు మంది పిల్లలు, పేజీకొకరు చొప్పున చక్కగా కూర్చుని ఉంటారు. నల్లపిల్ల ఉంది, సోడాబుడ్డి కళ్ళద్దాలవాడు ఉన్నాడు, పదో పేజీలో ఒంటిమీద బొల్లిమచ్చలున్న పిల్ల ఉంది. ప్రతి బొమ్మ కిందా "నేనూ అందమే" అని ఒకటే మాట. పెద్దవాళ్ళు తెగ మెచ్చుకున్నారు, సభపెట్టి శాలువా కూడా కప్పారు. వాళ్ళకేం పోయింది, ఆ పన్నెండు మందిలో తామెవరో చెప్పుకోవలసిన పని వాళ్ళకి లేదు కదా.

చిక్కు బొబ్బిలి దగ్గర ఒక పల్లె బడిలో వచ్చింది. బొమ్మల పుస్తకం చేతికి దొరికితే అక్కడి పిల్లలు ఒక ఆట ఆడతారు. పేజీ తిప్పగానే ఎవరు ముందు చెయ్యి కొట్టి "ఇది నేనే" అంటే ఆ బొమ్మ వాళ్ళది. తొమ్మిది పేజీలు ఎలాగో గడిచాయి. పదో పేజీ మీద ఒక్క చెయ్యీ పడలేదు. కాసేపాగి వెనకనుంచి ఎవరో, "ఒలే పైడీ, ఇది నువ్వేనే!" అని అరిచారు. తరగతంతా నవ్వింది. మూడో తరగతి పైడితల్లికి చేతులమీదా పెదవి పక్కనా అలాంటి మచ్చలే ఉన్నాయి. అంతవరకూ ఆ పిల్లని ఏడిపించడానికి వాళ్ళకి సరైన పేరు దొరకలేదు. ఆనాటినుంచి "పదో పేజీ" అని పిలవడం మొదలుపెట్టారు. పిల్ల వారం రోజులు బడికే రాలేదు, చివరికి తల్లి లాక్కొచ్చి దింపి వెళ్ళింది.

పంతులమ్మ ఈ సంగతంతా ఉత్తరం రాస్తే హైమవతికి అన్నం సహించలేదు. పుస్తకం మళ్ళీ అచ్చుకి వెళుతోంది. ఆ పేజీ ఉంచాలో తీసెయ్యాలో ఈ వారంలోనే చెప్పాలి.

"ఉంచితే ఇంకో ఊళ్ళో ఇంకో పిల్ల ఏడుస్తుంది. తీసేస్తే ఆ పిల్లల్ని నేనూ దాచేసినదాన్నవుతాను. ఇంక నాకు ఓపిక లేదు మాస్టారూ," అంది.

కూర్మయ్యగారు కుంచె తుడిచి పక్కన పెట్టారు. "మోకాళ్ళు సహకరించవు గానీ, రేపు ఓసారి ఆ బడికి పోయొద్దాం," అన్నారు.

మర్నాడు రెండు బస్సులు మారి వెళ్ళారు. ఆయన సంచిలోంచి ముప్పై ఏళ్ళ కిందటి తన పుస్తకమొకటి తీసి పిల్లల మధ్య పెట్టి, ఒక్క మాటైనా చెప్పకుండా గోడకి చేరబడ్డారు. పైడితల్లి గుమ్మం దగ్గర ఎవరికీ తగలకుండా కూర్చుని ఉంది. హైమవతికి ఆ పిల్లవైపు చూసే ధైర్యం లేకపోయింది.

పేజీలు తిరిగాయి, చేతులు పడ్డాయి. మధ్యలో రెండు పేజీలకూ పరుచుకుని ఒక సంత వచ్చింది. తాడు తెంపుకున్న గేదె కుండలన్నీ తన్నేసుకుంటూ పరిగెడుతోంది. దాని వీపుమీద ఒక పిల్ల కొమ్ములు పట్టుకుని, ముందుపన్ను లేని నోరు బార్లా తెరిచి నవ్వుతోంది. ఆ పిల్ల చేతులమీద తెల్లటి మచ్చలున్నాయి. వాటి గురించి ఎక్కడా ఒక్క అక్షరం రాసి లేదు.

ఒకేసారి అయిదారు చేతులు పడ్డాయి.

"నానే!"

"నాను ముందు కొట్టాను!"

"ఎల్లెహె, ఆ పిల్లగుంట నానే!"

జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు గుమ్మం దగ్గరనుంచి పైడితల్లి అందర్నీ తోసుకుంటూ వచ్చి, చెయ్యి జాపి బొమ్మ పక్కన ఆనించింది.

"సూడండి, మచ్చలు ఎవలికున్నాయి? అది నానే. అందరూ దిగండి!"

పిల్లలు చేతినీ బొమ్మనీ మార్చి మార్చి చూశారు. గట్టిగా దెబ్బలాడిన కుర్రాడు మొహం ముడుచుకుని, "అయితే గేద నాను," అన్నాడు.

తిరుగు బస్సుకోసం ఎదురుచూస్తూ ఇద్దరూ రోడ్డు పక్క అరుగుమీద కూలబడ్డారు. హైమవతికి సంతోషంగా ఉంది, సిగ్గుగా కూడా ఉంది.

"రేపట్నించి ఆ పేరు మానేస్తారంటారా?"

"మానరు. ఇంకొన్నాళ్ళు పిలుస్తారు," అన్నారు మాస్టారు మోకాలు రాసుకుంటూ.

"నేనూ ఆ మచ్చలే వేశాను కదండీ. ఇంకా జాగ్రత్తగా వేశాను."

కూర్మయ్యగారు సంచి సర్దుకున్నారు. దూరంగా బస్సు కనిపించాక, ఆమె భుజం ఆసరాగా లేస్తూ అన్నారు.

"నువ్వా గుంటని అందంగా కూచోమన్నావమ్మా. నేను గేదెనెక్కమన్నాను."