వెయ్యో ముడి

ఆ జగజ్జనని చల్లని చూపు మీ అందరి మీదా ఉండాలి తల్లీ! ముందున్న పిల్లలు కాస్త సర్దుకుని కూర్చోండి, వెనకవాళ్లకూ వినపడాలి. అనగా అనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, పద్మగిరి అని ఒక రాజ్యం ఉండేది.

ఆ రాజ్యాన్ని విమలాంబ అనే రాణి ఏలుతుండేది. తన విద్యతో పదిమందికి మేలు చేసిన స్త్రీని ఏటా ఒకరిని ఎంచి, విజయదశమి నాడు నిండు సభలో బంగారు కంకణం తొడిగేది. ఒక ఏడు వైద్యురాలికి, ఒక ఏడు పడవ నడిపే ఆమెకు దక్కింది. మంత్రసానికి దక్కాలంటే మాత్రం వెయ్యి కాన్పులు చేసి ఉండాలి.

ఆ రాణి ఉండే ఊళ్లో పారమ్మ అనే మంత్రసాని ఉంది. బిడ్డను భూమి మీదికి తెచ్చి, కొత్త చేటలో బియ్యం పోసి పడుకోబెట్టగానే, తన మొలనున్న తాడుకు ఒక ముడి వేసేది. అదే ఆమె లెక్క.

ఓ ఏడు రాణిగారి లేఖకుడు ఆ ముడులు చూడడానికి వస్తున్నాడని తెలిసింది. పారమ్మ తాడు తీసి చూసుకుంది. తొమ్మిదివందల తొంభై తొమ్మిది.

ఒక్కటే తక్కువ! లేఖకుడు వాకిట్లో కాళ్లు కడుక్కుంటుండగా, లోపల పారమ్మ చేతులు ఇంకో ముడి వేసేశాయి. ఆయన ఒక్కో ముడినీ పట్టుకుని ఎవరిల్లని అడుగుతూ పోయాడు. ఆఖరి ముడి దగ్గర ఆమె నోటికి ఒక్క ఇల్లే వచ్చింది.

"మేదరి సూరయ్య ఇల్లు" అంది.

ఆ ఇల్లే ఎందుకు వచ్చిందో చెబుతాను, వినండి.

ఏడేళ్ల కిందట పారమ్మ మంత్రిగారింట్లో ఉంది. వాళ్ల కోడలికి నెలలు నిండాయి. నొప్పులు మాత్రం రాలేదు. అదే రోజు సూరయ్య భార్య గైరమ్మకు నొప్పులొచ్చాయి. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ చేట అల్లి ఇచ్చేది ఆ గైరమ్మే.

తెల్లవారుతూనే సూరయ్య వచ్చి పిలిచాడు. తొలికాన్పుకు అంత తొందరేమిటని పంపేసింది పారమ్మ. మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. సున్నుండలు తింటున్న పారమ్మ, వస్తున్నానని కబురు పెట్టి, ఇంకోటి అందుకుంది. పొద్దు వాలేవేళ మూడోసారి వచ్చి, మాట్లాడకుండా వాకిలి దగ్గర నిలబడ్డాడు. పారమ్మ కిటికీలోంచి చూసింది. చూసి, తెర లాగేసింది.

చివరికి గైరమ్మ అత్తగారే, చూపు ఆనని ముసలామె, పురుడు పోసింది. బిడ్డ చెయ్యి పట్టి లాగింది పాపం, తెలియక. బిడ్డ బతికింది, కుడిచెయ్యి వేలాడిపోయింది. మంత్రిగారి కోడలికి నొప్పులొచ్చింది నాలుగు రోజుల తరవాత!

సరే, దశమి వచ్చింది. ఆచారం ప్రకారం పారమ్మ ముందు కొత్త చేట పెట్టారు. ఆమె పురుడు పోసిన ప్రతి ఇంటివాళ్లూ వచ్చి అందులో పిడికెడు బియ్యం పోయాలి. ఉదయం నుంచి పోస్తూనే ఉన్నారు. తొమ్మిదివందల తొంభై తొమ్మిది పిడికిళ్లు అయ్యాయి. దండోరావాడు సూరయ్య ఇంటిపేరు పిలిచాడు.

రాకూడదని పారమ్మ కోరుకుంది. రాకపోతే అబద్ధం బయటపడుతుంది, వస్తే ఆ కళ్లలోకి చూడాలి. ఎటూ పాలుపోక చేటకేసి చూస్తూ కూర్చుంది.

గైరమ్మ వచ్చింది. పక్కన ఏడేళ్ల కూతురు పైడి. ఆ పిల్ల ముందుకు వచ్చి బియ్యం పట్టుకున్న ఎడమచెయ్యి చాపింది.

"కుడిచేత్తో పొయ్యమ్మా" అంది ముందు వరసలో ఒక ముత్తవ్వ. పారమ్మ విననట్టు చేటలో బియ్యం సర్దింది.

శుభమా అని సన్మానం జరుగుతుంటే ఎడమచెయ్యి ఏమిటని లేఖకుడు విసుక్కున్నాడు. పారమ్మ తల వాలిపోయింది.

"పురుడు పోసిన తల్లికి ఎడమచేత్తో పెట్టమని నేర్పావటే? ఏం పెంపకమే నీది!" అని మంత్రిగారి భార్య గైరమ్మను అందరిలో అడిగేసింది.

గైరమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకుంది. పైడి మాత్రం బెదిరిపోయి, తనకున్న ఆ ఒక్క మంచి చేతినీ వెనక్కి దాచేసుకుంది.

అది చూసేసరికి పారమ్మకు ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. లేచి నిలబడింది.

"దాన్ని ఏమీ అనకండి. ఆ బిడ్డకు కుడిచెయ్యి లేకుండా చేసింది నేనే" అంది.

మూడు పిలుపులూ, తెర లాగడమూ, దొంగ ముడీ, ఒక్కటీ దాచకుండా చెప్పింది. తాడు తీసి ఆఖరి ముడి విప్పబోయింది. బిగుసుకుపోయింది. వేళ్లకు రాక, అంత సభలో పళ్లతో పీకి విప్పింది.

రాణి గైరమ్మను అడిగింది, తెలిసీ ఎందుకు వచ్చావని.

"రాకూడదనే అనుకున్నానమ్మా. కానీ మిగతా ఇళ్లలో ఆమె దీపం నిలబెట్టింది నిజమే కదా. పిడికెడు బియ్యం కోసం ఆమెను నలుగురిలో తల దించుకునేలా చెయ్యడమెందుకని వచ్చాను."

తిట్టినా బాగుండేదనిపించింది పారమ్మకు. ఆమె కంకణం ముట్టలేదు. రాణి దాన్ని అమ్మవారి పాదాల దగ్గర పెట్టించింది.

మర్నాటి నుంచి పారమ్మ గిన్నెలో నువ్వులనూనె పట్టుకుని మేదరవాడకు వెళ్లేది. పైడి చేతికి మర్దన చేసేది. మొదటి ఏడు వేళ్లు కదిలాయి. రెండో ఏడు మణికట్టు తిరిగింది. మూడో ఏడు మోచెయ్యి లేచింది, పూర్తిగా కాదు గాని, జడ పట్టుకునేంత.

ఆ మూడేళ్లలో పారమ్మ ఏ కాన్పూ ఒప్పుకోలేదు. ఊరివాళ్లు పిలిస్తే, శిష్యురాళ్లను పంపింది. తన వెయ్యో కాన్పు ఎవరింట్లోనో చెయ్యడానికి ఆమెకు మనసు రాలేదు.

మూడో ఏటి చివర గైరమ్మకు మళ్లీ నొప్పులొచ్చాయి. సూరయ్య పిలవడానికి గుమ్మం దిగేసరికి, పారమ్మ గుమ్మం ముందే ఉంది. మగబిడ్డ. రెండు చేతులూ ఆడిస్తూ చేటలో కేరుమన్నాడు.

పారమ్మ మొలతాడు తీసి పైడికి ఇచ్చింది. పిల్ల నాలుక బయటపెట్టి, కుడిచేత్తో తాడు పట్టి, ఎడమచేత్తో చుట్టి, మెల్లగా వెయ్యో ముడి వేసింది.

కంకణం ఆ దశమికి వచ్చింది. తొడుక్కుంది పారమ్మ. అయినా దాన్ని చూసినప్పుడల్లా ముందు సిగ్గుపడి, తరవాతే దండం పెట్టుకునేది.

పిల్లలూ, తప్పును సన్మానంతో కప్పుకుంటే అది లోపల పెరుగుతుంది. నలుగురిలో ఒప్పుకుని, ఎవరికి చేశామో వారి గుమ్మంలోనే దిద్దుకుంటే, అప్పుడే సన్మానం మనదవుతుంది.