నల్లకుంపటమ్మ గుడికి తలుపులు లేవెందుకు

తూర్పు కనుమల్లో అన్ని ఊళ్ళకన్నా ముందు మంచు దిగేది, అన్నిటికన్నా ఆలస్యంగా విడిచేది కుంపటివలసలోనే. బస్సు ఆగే చోటు నుంచి అమ్మవారి గుడికి ఎనభై నాలుగు మెట్లు. లెక్కపెట్టుకుంటూ ఎక్కేవారికి ఒక సంగతి తెలుస్తుంది. మొదటి అరవై మెట్లు ఎర్రరాయి, పైనున్న ఇరవై నాలుగూ నల్లరాయి. గర్భగుడిలో విగ్రహం ఉండదు. నిగనిగలాడే నల్లని మట్టికుంపటి ఒకటి, దానిలో ఆరని నిప్పు, అంతే. గుమ్మానికి ద్వారబంధం ఉంది గాని తలుపు రెక్కలు లేవు. పళ్ళు పటపటమనే పుష్యమాసంలో కూడా ఆ గుమ్మం బార్లా తెరిచే ఉంటుంది. మెట్లకు రెండు రంగులెందుకు, గుమ్మానికి తలుపు లేకపోవడమెందుకు అని అడగని యాత్రికుడు లేడు. రెంటికీ జవాబు ఒకే కథలో ఉంది.

పూర్వం ఇక్కడ తొమ్మిది గడపలే ఉండేవి. ఎనిమిది రైతుల ఇళ్ళు, పూరికప్పులవి. తొమ్మిదోది కుమ్మరి పోతయ్యది. తన చేత్తో కాల్చిన పెంకులతో కప్పుకున్నాడు గనుక ఊళ్ళో చుక్క కారని కప్పు అదొక్కటే. పోతయ్య భార్య పారమ్మ. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. కొడుకు దాలయ్య కుండల కావడితో దిగువ సంతకు వెళ్ళి మంచులో చిక్కుపడిపోయాడు. కోడలు నూకాలు కడుపుతో ఉంది.

పుష్య బహుళ పాడ్యమినాడు, నెలలు నిండకుండానే, నూకాలు ఆడపిల్లను కన్నది. పిల్ల గుప్పెడంత ఉంది. ఏడుపు కూడా సరిగా రాలేదు. పక్క ఊరి మంత్రసాని బొడ్డు కోసి, పిల్లను పాతగుడ్డల్లో చుట్టి పారమ్మ చేతిలో పెట్టింది.

"ఏడు రోజులు ఎచ్చగా ఉంచగలిగితే మీ పిల్ల. లేదంటే నా సేతిలో ఏటీ లేదమ్మా" అని చెప్పి వెళ్ళిపోయింది.

పారమ్మ ఏడవలేదు. బొగ్గుముక్క తీసుకొని గోడమీద గీతలు గీసింది. కుంపటి ఒకసారి నింపితే రెండు జాములు వేడి ఆగుతుంది. అంటే రోజుకు నాలుగుసార్లు నింపాలి. సారికి మూడు పిడకలు. రోజుకు పన్నెండు, ఏడు రోజులకు ఎనభై నాలుగు. అటక మీద ఎండుపిడకలు లెక్కపెడితే సరిగ్గా అరవై. ఇరవై నాలుగు తక్కువ.

ఇరుగుపొరుగును అడిగే దారి లేదు. పురుడు వచ్చిన ఇంటి నిప్పు పది రోజులు బయటికి పోకూడదని, బయటి పిడక ఆ ఇంట్లోకి రాకూడదని ఊరి కట్టుబాటు. ఆ కట్టుబాటును అందరికన్నా గట్టిగా కాపాడేది ఊరి పెద్దావిడ సన్నమ్మ. కంచె దాటి ఎవరూ రాలేదు.

మొదటి రెండు రోజులూ ఇల్లు ఆ కుంపటి చుట్టూనే తిరిగింది. నూకాలు పిల్లను గుండెకు ఆనించుకొని కూర్చుంటే, పారమ్మ దాని మీదే రాగిపిండితో చోడిఅంబలి కాచేది. పోతయ్య నివురులో చిలగడదుంపలు కప్పెట్టి, పొట్టు వలిచి, ఊది ఊది కోడలికి అందించేవాడు. ఎక్కడా ఒక ముక్క తన నోట్లో వేసుకోనట్టే కనిపించేవాడు గాని, మీసాలకు మాత్రం పొట్టు అంటుకొని ఉండేది.

"మావా, ఎలక తిన్నాదేటి, దుంప సగమే ఉంది?" అని నూకాలు నవ్వింది.

"పెద్ద ఎలకే. మీసాలున్నాయి దానికి" అంది పారమ్మ.

ఆ రెండు రోజులు వాళ్ళకు చలి తెలియలేదు.

మూడోనాడు పారమ్మ తప్పు చేసింది. అది కుమ్మరులు మాత్రమే చేయగల తప్పు. కాల్చే ఆవంలో కుండలు నల్లగా రావాలంటే నిప్పుమీద తడి ఊక పోసి గాలి ఆడకుండా మూస్తారు. నిప్పు అణిగి ఉంటుంది, వేడి నిలుస్తుంది. ఆ లెక్కన రోజుకు ఒక నింపు మిగులుతుందనుకొని, ఆమె కుంపటిలో తడి ఊక పోసింది. తలుపు బిగించి గడియ వేసింది. కాసేపటికే ఇల్లంతా పొగ. పిల్ల ముఖం నీలమైంది. ఎర్రని కుంపటి మసిపట్టి నల్లబడిపోయింది.

"అత్తా! నా పిల్ల కుండ కాదే!" అని నూకాలు అరిచింది.

పారమ్మ వట్టి చేతులతోనే మండే ఊకను తోడి అవతల పారేసింది. పోతయ్య తలుపు తీయడం కాదు, రెక్కలే ఊడబెరికి పెరట్లో పడేశాడు. గాలి తగిలి పిల్ల దగ్గింది, తర్వాత సన్నగా ఏడ్చింది. కుంపటి అడుగున ఒక్క నిప్పుకణిక మిగిలింది. ఊక పోసి ఆ నింపులో మిగిల్చిన రెండు పిడకలూ దాన్ని మళ్ళీ రాజేయడానికే సరిపోయాయి.

తలుపు మళ్ళీ పెట్టనివ్వలేదు పారమ్మ. కాల్చని పచ్చికుండలు తెచ్చి కోడలి వెనకా పక్కలా గోడలా పేర్చింది. గుమ్మం తెరిచే ఉంది. పొగ పోతోంది. వేడి కుండలకు పట్టి పిల్ల చుట్టూ ఆగుతోంది. చేతులకు బొబ్బలెక్కినా సారికి మూడు పిడకలు తగ్గించలేదు.

నాలుగోనాడు మధ్యాహ్నం కూర్చున్నచోటనే ఆమెకు కునుకు పట్టింది. కుంపటికి అవతలివైపు ఒక ఆడమనిషి కూర్చొని అరచేతులు కాచుకుంటున్నట్టు కలలో కనబడింది. ముఖాన పసుపు, జుట్టునిండా మంచు.

"నాకు ఇల్లు లేదు. నీ గుమ్మం తెరిచి ఉంటే వచ్చాను" అన్నది ఆమె. "ఏడో రోజు దాకా ఇక్కడే ఉంటాను. ఒక్క మాట గుర్తుపెట్టుకో. నిప్పు అడిగినవారిని ఉత్తచేతులతో పంపకు. వారినీ ఉత్తచేతులతో రానీకు."

మెలకువ వచ్చి చూస్తే అవతల ఎవరూ లేరు. పారమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పిడకలు లెక్కపెట్టుకుంది. మర్నాటి దాకానే సరిపోతాయి.

ఐదోనాటి తెల్లవారేసరికి గాలివాన కొట్టింది. ఎనిమిది పూరికప్పులూ కారి, ఎనిమిది పొయ్యిలూ ఆరిపోయాయి. చెకుముకి దూది చెమ్మగిల్లిపోయింది. పేడతో అలికిన గూళ్ళలో పిడకలు పొడిగానే ఉన్నాయి గాని వాటిని అంటించే నిప్పు ఊళ్ళో లేదు. అప్పుడు మంచులోంచి, తలుపులేని కుమ్మరి గుమ్మంలో, ఎర్రగా వెలుగుతున్న కుంపటి అందరికీ కనబడింది. తలుపు ఉండి ఉంటే కనబడేది కాదు.

ముందుగా కంచె దగ్గరికి వచ్చింది సన్నమ్మే. కొంగు కింద ఖాళీ కుంపటి దాచుకొని ఉంది.

"పారమ్మా, నిప్పుందేటే?"

"ఉంది. పురుటింటి నిప్పు. పనికొస్తాదా పెద్దమ్మా?"

సన్నమ్మ తల దించుకుంది. "మనవలు బిగుసుకుపోతన్నారే. తర్వాత ఎంత తిట్టినా పడతాను. ఇయ్యి."

పారమ్మ నోటిదాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. లోపల పిల్ల కదిలిన చప్పుడు విని వాటిని మింగేసింది.

"ఉత్తచేతుల్తో వచ్చినావేటి? మూడు పిడకలు పట్టుకురా."

"నీ ఇంట్లోకి పిడక రాకూడదు కదే!"

"నా ఇంట్లోంచి నిప్పూ పోకూడదు. తప్పితే ఇద్దరం కలిసే తప్పుదాం పెద్దమ్మా. నాకు నీ మనవలు బతకాలి, నీకు నా మనవరాలు బతకాలి."

"మూడు సాలా? గంప తెస్తాను."

"మీరు ఎనిమిది గడపలు. నాకు తక్కువైనవి ఇరవై నాలుగు. మూడు సాలు."

ఆ పూట ఎనిమిది ఇళ్ళవాళ్ళూ మూడేసి పిడకలతో వచ్చి, ఒక్కో నిప్పుకణిక పట్టుకెళ్ళారు. మధ్యాహ్నానికి తొమ్మిది కప్పుల మీదా పొగ లేచింది.

ఏడోనాడు, ఎనభై నాలుగో పిడక సగం కాలేసరికి, మంచు విడిచి ఎండ గుమ్మంలోకి వచ్చింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. కాల్చిన కుండను వేలితో తట్టి చూసే అలవాటున్న పోతయ్య చెవి ఒగ్గి విన్నాడు. "కంచులా మోగుతోంది. ఎక్కడా బీట లేదు" అన్నాడు. పొద్దెక్కాక కొండెక్కి వచ్చిన దాలయ్య, తలుపులేని ఇంటిని చూసి దొంగలు పడ్డారేమోనని కంగారుపడ్డాడు. లోపలికి వెళ్ళి చూస్తే ఊరంతా అక్కడే కూర్చొని చిలగడదుంపలు తింటోంది.

పారమ్మ నివురు తీయబోతూ ఆగిపోయింది. కుంపటి అంచుమీద, ఎవరూ కూర్చోని వైపున, మసి చెదిరి రెండు అరచేతుల అచ్చులున్నాయి. పారమ్మ తన చేయి ఆనించి చూసుకుంది. సరిపోలేదు. నూకాలు చేయి ఆనించింది. ఆమెదీ కాదు. అప్పుడు పారమ్మ తన కల సంగతి అందరికీ చెప్పింది. ఆ ఇంటినే గుడి చేయాలని చెప్పిన మొదటి మనిషి సన్నమ్మ. అరవై మెట్లు ఎర్రరాయితో కుమ్మరి ఇంటివారు కట్టారు. ఇరవై నాలుగు మెట్లు, గడపకు మూడు చొప్పున, నల్లరాయితో ఆ ఎనిమిది ఇళ్ళవారు కట్టారు.

నేటికీ పుష్య బహుళ పాడ్యమి నుంచి సప్తమి వరకు ఇక్కడ చలివారం జరుగుతుంది. అర్చన చేసేది పారమ్మ వంశపు ఆడవారే. కుటుంబాలు మూడేసి పిడకలు తెచ్చి అమ్మవారికి సమర్పించి, నిప్పు అందుకొని, మండపంలో సొంత కుంపటి చుట్టూ కూర్చుంటాయి. చోడిఅంబలి, నివురులో కాల్చిన దుంపలే ప్రసాదం. మొదటి దుంప ఇంటి కోడలిది. మామగారు పొట్టు వలిచి ఇవ్వాలి. సగం తిని ఇచ్చే మామగార్లు ఇప్పటికీ ఉన్నారని అర్చకురాళ్ళు చెబుతారు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను తల్లులు ఏడాది తిరిగాక ఎత్తుకొచ్చి, కుంపటి అంచున ఉన్న ఆ అచ్చులమీద చిన్న అరచేతులు ఆనిస్తారు. అమ్మవారి దయవల్ల ఆ పిల్లల ఒంట్లో వెచ్చదనం, ఆ ఇళ్ళలో పొత్తు తరగవని నమ్మకం. వేళకాని వేళ వచ్చామే, గుడి మూసేశారేమోనని మెట్ల కింద నిలబడి సందేహించే యాత్రికులు ఏటా ఉంటారు. సందేహం అక్కర్లేదు. మూయడానికి ఇక్కడ తలుపు లేదు. మూడు పిడకలు తెచ్చుకుంటే చాలు.